క్లిక్కు ఎలా వాడాలి: సిమ్యులేటర్ నుంచి స్క్రీన్‌షాట్లు తీసే మా స్క్రిప్టు సంగతులు

ఇది రాయమని మా టెస్టింగ్ చూసే అమ్మాయి మూడు నెలల నుంచి అడుగుతానే ఉంది, నేను రేపు రేపు అంటా నెట్టుకొచ్చా. మొన్న రిలీజ్ రోజు నేను పెళ్లికని తెనాలి వెళ్తే రాత్రి పది దాటాక ఫోను, "అన్నా, క్లిక్కు రన్ చేస్తే అన్నీ ఐప్యాడ్ బొమ్మలే వస్తున్నాయి, ఐఫోన్‌వి రావట్లా" అని. పక్కన బ్యాండు మేళం, ఒక చెవి వేలితో మూసుకుని కమాండు ఒక్కొక్క ముక్కా చదివి చెప్పా, ఆ అమ్మాయి అవతల టైప్ చేసింది. టూలు రాసేశానని ఇన్నాళ్ళూ అనుకున్నా గానీ నేను పక్కన లేకపోతే పని చెయ్యని టూలు టూలేం టూలు.

అందుకని దీన్ని కూడా ఆ రాత్రి ఫోన్లో చెప్పినట్టే రాస్తున్నా. కమాండ్లు చదివి వినిపిస్తా, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి. గీత అంటే హైఫన్, రెండు గీతలు అంటే మధ్యలో ఖాళీ లేకుండా రెండు హైఫన్లు.

ముందు అసలు ఎందుకు అనేది. మా యాప్ మిర్చి యార్డులో కమీషన్ కొట్ల వాళ్ళ కోసం, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగినయ్, ఏ రకం, క్వింటా ఎంత పలికింది, ఇంతే. స్టోరులో (యాప్ స్టోర్, ప్లే స్టోర్) పెట్టాల్సిన స్క్రీన్లు 6. తెలుగు, ఇంగ్లీషు రెండు భాషలు. లైటు, డార్కు రెండు రంగులు. ఐఫోన్, ఐప్యాడ్, ఆండ్రాయిడ్ మూడు డివైజులు. లెక్కేస్తే 72 బొమ్మలు. డిజైనర్ గారు వచ్చి "ఆ బటన్ ఆకుపచ్చ కొంచెం ముదురు చేశానండీ" అంటే 72 మళ్ళీ మొదటి నుంచి. మొదట్లో చేత్తోనే తీసేవాణ్ణి, ఒక పూట పోయేది, పైగా ఒకదాంట్లో బ్యాటరీ 34, ఇంకోదాంట్లో 100, ఒకదాంట్లో టైము పొద్దున పదకొండు, ఇంకోదాంట్లో సాయంత్రం నాలుగు, వరసగా పెట్టి చూస్తే అతుకుల బొంతలా ఉండేది.

స్క్రీన్‌షాట్ తియ్యడం ఒక్క లైను పనే, అది ఇప్పుడే చెప్పేస్తా. సిమ్యులేటర్, ఎమ్యులేటర్ అంటే కంప్యూటర్లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్లు, సిమ్‌సీటీఎల్, ఏడీబీ అంటే వాటికి టెర్మినల్ నుంచి పని చెప్పే టూళ్ళు. ఐఫోన్ సిమ్యులేటర్‌కి అయితే మ్యాక్ టెర్మినల్లో ఎక్స్‌సీరన్, సిమ్‌సీటీఎల్, ఐఓ, బూటెడ్, స్క్రీన్‌షాట్, ఆ తర్వాత ఫైల్ పేరు. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌కి ఏడీబీ, ఎగ్జెక్ గీత అవుట్, స్క్రీన్‌క్యాప్, గీత పీ, తర్వాత కుడివైపు బాణం గుర్తు, ఫైల్ పేరు. అయిపోయింది. మరి క్లిక్కులో 400 లైన్లు ఎందుకున్నాయ్ అంటే, ఆ ఒక్క లైను కొట్టే ముందు స్క్రీను మీద ఏముండాలో, ప్రతిసారీ అదే ఎలా ఉండాలో చూసుకోవడానికి. ఈ గైడ్ మొత్తం కూడా దాని గురించే.

ఇంకో మాట, సిమ్యులేటర్ విండో మీదే మ్యాక్ వాళ్ళ మామూలు షార్ట్‌కట్‌తో స్క్రీన్‌షాట్ తియ్యొద్దు. అలా తీస్తే మీ మ్యాక్ తెర మీద ఆ విండో ఎంత సైజులో ఉందో అంతే వచ్చుద్ది, స్టోరు తీసుకోదు. సిమ్యులేటర్ ముందుకి తెచ్చి కమాండ్ ఎస్ కొడితే విండో ఎంత చిన్నగా ఉన్నా అసలు ఫోను రిజల్యూషన్‌లోనే డెస్క్‌టాప్ మీద పడుద్ది. ఒకటీ అరా కావాలంటే క్లిక్కు అక్కర్లేదు, ఇది చాలు.

డివైజు ఏదో సరిగ్గా చెప్పడం

తెనాలి పెళ్లి నాటి గొడవ ఇదే. పైన కమాండులో బూటెడ్ అన్నా కదా, అంటే "ఇప్పుడు ఆన్‌లో ఉన్నది" అని అర్థం. ఒక్కటే ఆన్‌లో ఉంటే పర్లేదు, రెండు ఉంటే సిమ్‌సీటీఎల్ తనకి తోచినదాన్ని పట్టుకుంటది, మిమ్మల్ని అడగదు, ఎర్రర్ కూడా ఇవ్వదు. ఆ రోజు ఐప్యాడ్ వెనకాల ఓపెన్ అయి ఉంది, అది ఎవరూ చూసుకోలా. అందుకని ఇప్పుడు క్లిక్కులో బూటెడ్ అనే మాటే తీసేశా. ప్రతి సిమ్యులేటర్‌కీ ఒక పొడుగాటి ఐడీ ఉంటది, సిమ్‌సీటీఎల్ లిస్ట్ డివైజెస్ అని కొడితే పేరు పక్కన బ్రాకెట్లో కనపడుద్ది, దాన్ని తీసుకెళ్ళి సెట్టింగుల ఫైల్లో పెట్టండి. ఎక్స్‌కోడ్ (యాపిల్ యాపులు తయారుచేసే టూలు) కొత్త వెర్షన్ వేశాక పాత సిమ్యులేటర్ తీసేసి కొత్తది చేసుకుంటే ఐడీ మారిపోద్ది, కాబట్టి "ఇన్వాలిడ్ డివైజ్" అని తిడితే కంగారు పడకుండా ముందు ఇదే చూడండి.

ఆండ్రాయిడ్‌లో ఈ బాధ కొంచెం తక్కువ. రెండు ఎమ్యులేటర్లు ఉంటే ఏడీబీ తనే "ఒకటికంటే ఎక్కువున్నాయ్, ఏది కావాలి" అని ఆగిపోద్ది. ఏడీబీ డివైజెస్ కొడితే ఎమ్యులేటర్ గీత 5554, ఎమ్యులేటర్ గీత 5556 అని పేర్లు వస్తాయ్, కావాల్సినదాన్ని గీత ఎస్ తర్వాత ఇవ్వాలి. ఛార్జింగ్‌కని మీ సొంత ఫోన్ కేబుల్‌కి పెట్టి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్‌లో ఉంటే అది కూడా ఈ లిస్టులోకి వచ్చుద్ది, పీకేయండి. మీ వాట్సాప్ నోటిఫికేషన్లు ప్లే స్టోర్‌లో ఊరంతా చూడక్కర్లేదు.

సిమ్యులేటర్, ఎమ్యులేటర్ ఒకటే అనుకుంటారు చాలామంది. ఐఫోన్ సిమ్యులేటర్ అంటే మ్యాక్ మీదే ఐఓఎస్ లైబ్రరీలు నడుస్తాయ్ అంతే, అసలు ఫోను కాదు, అందుకే మ్యాక్ లేకుండా అది రాదు, అందుకే తొందరగా లేస్తది. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ అంటే లోపల మొత్తం ఒక ఫోను ఓఎస్ బూట్ అవుద్ది, ర్యామ్ బాగా తింటది. గుంటూరు మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగాక రెండు ఎమ్యులేటర్లు కలిపి లేపారంటే ల్యాప్‌టాప్ మీద పుణుకులు వేయించుకోవచ్చు. ఒక్కొక్కటే లేపండి, స్క్రిప్టు కూడా అలానే ఒకటి అయ్యాక ఇంకోటి లేపుద్ది.

సిద్ధం

క్లిక్కులో మూడే మాటలు: సిద్ధం, తీయి, సర్దు. మొదట క్లిక్కు సిద్ధం కొట్టండి. ఇది డివైజుని లేపి, పూర్తిగా లేచేదాకా ఆగుద్ది. ఈ ఆగడం దగ్గర నేను చాలా దెబ్బలు తిన్నా. ఆండ్రాయిడ్‌లో వెయిట్ ఫర్ డివైజ్ అని ఒక కమాండ్ ఉంది, అది చాలనుకున్నా, కానీ అది ఏడీబీకి కనెక్షన్ దొరికేదాకే ఆగుద్ది, తెర మీద అప్పటికి ఇంకా బూట్ బొమ్మే తిరుగుతా ఉంటది. సిస్ డాట్ బూట్ అండర్‌స్కోర్ కంప్లీటెడ్ అనే ప్రాపర్టీ 1 అయ్యిందా లేదా అని అడుగుతా ఉండాలి, 1 వచ్చాకే ముందుకెళ్ళాలి. ఐఫోన్‌కి సిమ్‌సీటీఎల్ బూట్‌స్టేటస్ గీత బీ ఉంది, అదొక్కటే చూసుకుంటది.

తర్వాత స్టేటస్ బార్, అంటే తెర పైన టైము, బ్యాటరీ కనపడే పట్టీ. యాపిల్ వాళ్ళ ఐఫోన్ ప్రకటనల్లో టైము 9:41 ఉండటం గమనించే ఉంటారు, మేమూ అదే పెట్టాం. సిమ్‌సీటీఎల్ స్టేటస్ అండర్‌స్కోర్ బార్, డివైజ్ ఐడీ, ఓవర్‌రైడ్, ఆ తర్వాత రెండు గీతలు టైమ్ 9:41, బ్యాటరీ లెవెల్ 100, వైఫై బార్స్ 3, సెల్యులార్ బార్స్ 4. ఇది ఎక్స్‌కోడ్ 11 నుంచి ఉంది. ఆండ్రాయిడ్‌లో దీనికి డెమో మోడ్ అంటారు, 6 వెర్షన్ నుంచి ఉంది, ముందు సిస్‌యూఐ డెమో అలౌడ్ అనే గ్లోబల్ సెట్టింగ్ 1 చెయ్యాలి, తర్వాత బ్రాడ్‌కాస్ట్ పంపి గడియారం, బ్యాటరీ, సిగ్నల్ ఒక్కోటీ చెప్పాలి, నోటిఫికేషన్ ఐకాన్లు దాచమని ఇంకోటి. ఇవన్నీ స్క్రిప్టులో ఉన్నాయ్, మీరు చేత్తో కొట్టక్కర్లేదు. కానీ ఒకటి గుర్తు పెట్టుకోండి, ఇది పైన పట్టీలో కనపడే టైము మాత్రమే. లోపల యాప్‌కి అసలు తేదీ, అసలు టైమే తెలుసు. మా హోమ్ స్క్రీన్లో "ఈరోజు ధరలు" పక్కన తేదీ పడుద్ది, అందుకని ప్రతి రోజూ బొమ్మ మారేది. దానికి యాప్‌లోనే ఒక దారి పెట్టాం, షూటింగ్ మోడ్ అని లాంచ్ ఆర్గ్యుమెంట్ (యాప్ లేపేటప్పుడు పక్కన ఇచ్చే మాట) ఇస్తే తేదీ ఒకచోటే ఆగిపోద్ది.

యానిమేషన్లు కూడా సిద్ధంలోనే ఆగిపోతాయ్. ఆండ్రాయిడ్‌లో విండో, ట్రాన్సిషన్, యానిమేటర్ అని మూడు స్కేళ్ళు ఉంటాయ్, మూడూ 0. లొకేషన్ పర్మిషన్ కూడా ముందే ఇచ్చేస్తాం, లేకపోతే మొదటి బొమ్మ మధ్యలో "అలౌ" అని పెద్ద డబ్బా కూర్చుంటది.

డేటా గురించి, ఇది మాత్రం పూర్తిగా చదవండి

మొదట్లో బొమ్మల్లో డమ్మీ ధర అని చెప్పి తేజ రకం మిర్చికి నాకు నచ్చిన ఒక పెద్ద నంబర్ పెట్టా, చూడ్డానికి నిండుగా ఉంటదని. స్టోరులోకి పోకముందే ఆ బొమ్మ ఒకళ్ళు ముచ్చటపడి "మా యాప్ వస్తోంది" అని యార్డు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. తెల్లారి నుంచి ఫోన్లు, "తేజ అంత పలికిందంటగా, ఏ కొట్టులో?" అని. కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టుకుని ధర కోసం చూస్తా ఉన్న రైతుకి అది డమ్మీ అని ఎలా తెలుసుద్ది? మా బాబాయి యార్డులోనే చేస్తాడు, ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అప్పటి నుంచి రూల్ ఏంటంటే అన్ని ధరలూ 12,345 లాంటి చూడగానే ఉత్తుత్తిదని తెలిసే నంబర్లు, రైతు పేరు బదులు "నమూనా రైతు", లాట్ నంబర్ 000 తో మొదలు, ఫోన్ నంబర్ అసలు కనపడకూడదు. నమూనా ఫైల్లో ఇవన్నీ ఉన్నాయ్, దాన్ని మార్చాలంటే నన్ను అడగండి. సర్వర్‌కి కనెక్ట్ అయ్యి నిజం డేటాతో మాత్రం ఎప్పుడూ తియ్యొద్దు.

తెలుగు స్క్రీన్లు

తెలుగు పెట్టడానికి ఐఫోన్‌కి యాప్ లాంచ్ చేసేటప్పుడు గీత యాపిల్‌లాంగ్వేజెస్, బ్రాకెట్లో టీఈ అని ఇస్తే ఆ ఒక్క యాపే తెలుగులో లేస్తది, మొత్తం సిమ్యులేటర్ భాష మార్చక్కర్లేదు. ఆండ్రాయిడ్ 13 నుంచి యాప్‌కి విడిగా భాష ఇచ్చే వీలుంది, స్క్రిప్టు అది వాడుద్ది.

తీశాక ఇంగ్లీషువి పైపైన చూసినా పర్లేదు గానీ తెలుగువి జూమ్ చేసి చూడండి. ఇంగ్లీషు చూసి లైన్ ఎత్తు కట్టిన బటన్లో మన ఒత్తులు కింద తెగిపోతాయ్, "లక్ష్మి" లో మ ఒత్తు సగం, "స్త్రీ" లో త కింద రావత్తు మాయం. పైన గుడులు, దీర్ఘాలు కూడా అంతే. ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు వచ్చుద్ది, ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు, రెండిటి ఎత్తులూ వేరు, ఒకదాంట్లో బాగుందని ఇంకోదాంట్లో బాగుంటదని కాదు. అందుకే నమూనా డేటాలో కావాలనే లక్ష్మి, విజ్ఞానం, స్త్రీ లాంటి మాటలు ఇరికించా, ఎవరూ వాటిని తీసేసి "రమ", "సీత" అని పెట్టొద్దు. 2018 ఫిబ్రవరిలో మన జ్ఞా అక్షరం ఒకటి మెసేజ్‌లో వస్తే ఐఫోన్లో యాపులు ఢమాల్ ఢమాల్ అని మూసుకుపోయాయ్ గుర్తుందా, 11.2.6 అప్‌డేట్ వచ్చేదాకా. ప్రపంచం మొత్తం మన అక్షరం పేరు చెప్పుకున్నది అప్పుడే. ఆ గౌరవానికైనా జ్ఞ ఉన్న మాట ఒకటి ఉంచండి.

తీయి

క్లిక్కు తీయి అని కొడితే 72 బొమ్మలూ వరసగా తీసుద్ది. ఒక్కో స్క్రీన్‌కీ యాప్‌లో లింకు ఉంది, ఐఫోన్‌కి సిమ్‌సీటీఎల్ ఓపెన్‌యూఆర్‌ఎల్‌తో, ఆండ్రాయిడ్‌కి ఏఎమ్ స్టార్ట్‌తో ఆ లింకు తెరుస్తాం, స్క్రీన్ నిలబడేదాకా ఆగి తీస్తాం. కొత్త సిమ్యులేటర్లో మొదటిసారి లింకు తెరిస్తే "ఈ యాప్‌లో ఓపెన్ చెయ్యాలా" అని అడుగుద్ది, ఒకసారి చేత్తో ఓపెన్ నొక్కి మళ్ళీ మొదలెట్టండి. బటన్లు నొక్కించుకుంటా పోయే యూఐ టెస్టులు మీకు ఆల్రెడీ ఉంటే ఫాస్ట్‌లేన్ వాడుకోండి, అందులో ఐఫోన్‌కి స్నాప్‌షాట్, ఆండ్రాయిడ్‌కి స్క్రీన్‌గ్రాబ్ ఉన్నాయ్, మంచివే. మాకు యూఐ టెస్టులు లేవు, ఉన్నాయని చెప్పుకోవడం కూడా ఇష్టం లేదు, అందుకే ఈ అడ్డదారి.

స్క్రీన్ నిలబడిందని ఎలా తెలుసుద్ది? మొదట్లో 3 సెకన్లు ఆగు అని రాశా, మా ఆఫీసు మ్యాక్‌లో సరిపోయింది, పాత ల్యాప్‌టాప్‌లో లోడర్ తిరుగుతా ఉండగానే తీసేసింది. ఇప్పుడు ఒక బొమ్మ తీసి, అర సెకను ఆగి ఇంకోటి తీసి, రెండూ ఒకటేనా అని చూసుద్ది, ఒకటే అయితే ఉంచుకుంటది, కాకపోతే మళ్ళీ, పది సార్లు చూసి అప్పటికీ కుదరకపోతే "కదులుతా ఉంది" అని స్క్రీన్ పేరు చెప్పి ఆగిపోద్ది. ఆ మెసేజ్ వచ్చిందంటే నూటికి తొంభై సార్లు సెర్చ్ డబ్బాలో కర్సర్ మిణుకుమంటా ఉంటది. కీబోర్డు మూసెయ్యండి.

ఐఫోన్ బొమ్మల్లో ఇంకోటి, మాస్క్ అని ఆప్షన్ ఉంది. ఈ రోజుల్లో ఫోన్లకి మూలలు గుండ్రం కదా, ఆ మూలల్ని ఏం చెయ్యాలని అడుగుద్ది. ఆల్ఫా ఇస్తే మూలలు పారదర్శకంగా వస్తాయ్, యాప్ స్టోర్ వాళ్ళు ఆల్ఫా ఛానల్ ఉన్న బొమ్మ తీసుకోరు. మేము రెండు గీతలు మాస్క్ ఈక్వల్స్ ఇగ్నోర్డ్ ఇస్తాం, చతురస్రం మూలలతో నిండు బొమ్మ వచ్చుద్ది.

ఫైళ్ళ పేర్లు

గుంటూరు బ్రాడీపేటలో అడ్రస్ ఎలా చెప్తాం, 4వ లైను 14వ అడ్డరోడ్డు, 4 బై 14 అంటే ఆటో వాడికి ఇంకేం చెప్పక్కర్లా. మా ఫోల్డర్లు కూడా అంతే. లైను అంటే డివైజు, 1 ఐఫోన్, 2 ఐప్యాడ్, 3 ఆండ్రాయిడ్. అడ్డరోడ్డు అంటే స్క్రీను, 01 నుంచి 06. తర్వాత భాష, తర్వాత రంగు. స్క్రీన్ నంబర్ ముందు సున్నా ఎందుకంటే ఎప్పుడైనా 10 దాటితే 1 పక్కన 10 వచ్చి కూర్చుని వరస చెడిపోద్ది. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ ఇదే" అని పేర్లు పెట్టిన ఫైలు కనపడితే నేను అడక్కుండా తీసేస్తా, ముందే చెప్తున్నా.

సైజులు

యాప్ స్టోర్‌కి 6.9 అంగుళాల ఐఫోన్ బొమ్మ ఇస్తే చిన్న ఐఫోన్లకి వాళ్ళే తగ్గించుకుంటారు, మేము ఐఫోన్ 16 ప్రో మ్యాక్స్ సిమ్యులేటర్ వాడతాం, 1320 బై 2868 వచ్చుద్ది. ఐప్యాడ్‌కి 13 అంగుళాలది, 2064 బై 2752. ఒక్కో సైజుకి 10 దాకా పెట్టుకోవచ్చు.

ప్లే స్టోర్ దగ్గర జాగ్రత్త. ఫోనుకి 2 నుంచి 8 బొమ్మలు, జేపెగ్ గానీ ఆల్ఫా లేని 24 బిట్ పీఎన్‌జీ గానీ, ఒక్కో వైపు 320 నుంచి 3840 పిక్సెల్స్ లోపు. ఇక్కడిదాకా మామూలే. పొడవు వెడల్పుకి రెట్టింపు దాటకూడదనే రూల్ ఒకటుంది, అక్కడే దెబ్బ పడుద్ది. పిక్సెల్ 7 ఎమ్యులేటర్ 1080 బై 2400, రెట్టింపంటే 2160, దాటిపోయింది. కోసుకుంటా కూర్చోవడం కంటే సిద్ధంలోనే ఏడీబీ షెల్ డబ్ల్యూఎమ్ సైజ్ 1080 ఎక్స్ 1920 అని ఇచ్చి తెరనే పొట్టి చేస్తున్నాం. లేకపోతే పిక్సెల్ 2 ఎమ్యులేటర్ పెట్టుకోండి, అది పుట్టుకతోనే అంత.

తేడా వస్తే

ఆండ్రాయిడ్ బొమ్మ మొత్తం నల్లగా వస్తే అది పాస్‌వర్డ్ స్క్రీను అయ్యుద్ది, సెక్యూర్ ఫ్లాగ్ పెట్టిన స్క్రీన్లని సిస్టమే తియ్యనివ్వదు, బగ్ కాదు, ఆ స్క్రీన్ స్టోరులో పెట్టడం మానేశాం. పీఎన్‌జీ ఓపెనే అవ్వట్లేదంటే మీరు విండోస్‌లో పాత పవర్‌షెల్ నుంచి బాణం గుర్తుతో సేవ్ చేసుంటారు, అది బొమ్మని టెక్స్టు అనుకుని పాడు చేసుద్ది. అప్పుడు ఎమ్యులేటర్ లోపలే ఎస్‌డీకార్డులోకి తీసి, ఏడీబీ పుల్‌తో బయటికి తెచ్చుకోండి. ఎగ్జెక్ అవుట్ బదులు ఉత్త షెల్ అని కొట్టినా పాత వెర్షన్లలో ఇదే గొడవ. డార్క్ అడిగితే లైట్ వచ్చిందంటే యాప్ లోపల సెట్టింగ్స్‌లో ఎవరో రంగు ఫిక్స్ చేసి వదిలేశారు, యాప్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యండి.

సర్దు

అయిపోయాక క్లిక్కు సర్దు తప్పకుండా కొట్టండి. డెమో మోడ్ తీసేసి, స్టేటస్ బార్ క్లియర్ చేసి, తెర సైజు రీసెట్ చేసి, యానిమేషన్లు మళ్ళీ 1 చేసుద్ది. నేనొకసారి కొట్టకుండా ఇంటికి పోయా, తెల్లారి మా జూనియర్ కుర్రోడు ఎమ్యులేటర్లో టైము 9:41 దగ్గరే ఆగిపోయిందని, తన టైమర్ కోడ్‌లోనే ఏదో తప్పుందని మధ్యాహ్నం దాకా వెతుక్కున్నాడు, భోజనానికి కూడా రాలా. సర్దు కొట్టాక అవుట్‌పుట్ ఫోల్డర్ని జిప్ చేసి డ్రైవ్‌లో పెట్టండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోలుగా పంపితే కుదించి పడేసుద్ది, సైజు మారి స్టోరు వెనక్కి కొడితే మళ్ళీ నాకే ఫోను. వచ్చే నెల మా చెల్లి పెళ్లి, ఆ మూడు రోజులూ నా ఫోను ఆఫ్‌లో ఉంటది.